దాహం మడి

గునపం పైకి లాగితే కొసకి తడి మట్టి అంటుకుని వచ్చింది.

గొడ్డలి ఆ మట్టిని రెండు వేళ్ళ మధ్య నలిపాడు. ముద్దయింది. ఎండిన నేలలో మట్టి ముద్ద కాదు, పొడిగా రాలుతుంది. అక్కడ నిలబడ్డవాళ్ళందరూ రైతులే. ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు.

గొడ్డలి అంటే మనిషే. నోరు తెరిస్తే కట్టె చీలినట్టు ఉంటుందని చిన్నప్పుడెవరో ఆ పేరు పెట్టారు. పెట్టినవాడు పోయాడు, పేరు మిగిలింది. కన్నతల్లి కూడా "ఒరే గొడ్డలీ" అనే పిలుస్తుంది. మాట కంటే చెయ్యి ముందు నడిచే మనిషి.

వాళ్ళదొక జట్టు. వరసగా వానలు మొహం చాటేసి, కొట్లో కొన్న విత్తనం మొలవక, చేలు బీళ్ళయినప్పుడు పుట్టిన జట్టు. ఎవడో చెప్పింది విని విత్తి మునిగాం, ఇక మన నేలలో మన కళ్ళతో చూసుకున్నదే విత్తుదాం అనుకున్నారు. తలా ఒక చెక్క నేల పరీక్షకి వదిలారు. ఒకరి చేలో ఎరువుల పరీక్ష, ఒకరి చేలో కలిపి విత్తే పరీక్ష. గొడ్డలి వంతుకి దాహం వచ్చింది. మొలక నిలిచాక ఆ మడికి మనిషి చేత్తో ఒక్క చుక్క పోయకూడదు. ఆకాశం ఇస్తే తాగాలి, లేకపోతే చావాలి. చావకుండా నిలిచిన రకాన్నే పై ఏడు అందరూ విత్తుతారు. దానికి దాహం మడి అని పేరు.

జట్టుకి ఉన్న కట్టడి ఒక్కటే. ఒకదానికి చేసింది అన్నిటికీ చేయాలి, లేకపోతే దేనికీ చేయకూడదు. కూర్చున్న ప్రతిసారీ గొడ్డలి ఆ మాట అందరి చేతా పలికించేవాడు.

మడిలో మూడు రకాల జొన్న వేశారు. లోపల ఎర్రది, నడుమ తెల్లది, తోవ పక్కన పొట్టిది. ఎర్రదీ తెల్లదీ కాగితంలా ఎండిపోయి గాలికి గరగరమంటున్నాయి. పొట్టిది మాత్రం పచ్చగా, కంకి వేసి నిలబడి ఉంది. అది చూసి జట్టంతా పొంగిపోయింది. ఆ పొంగులోనే గొడ్డలి గునపం దింపాడు.

"ఏరా బామ్మర్దీ, ఇలా రా," అన్నాడు తల ఎత్తకుండా.

బావమరిదిని అందరూ పంపు అంటారు. చుట్టుపక్కల చేలకి మోటారు పెట్టి నీళ్ళు తోడేది వాడే. పైగా నోరు కూడా పంపే, తిప్పితే ఆగదు.

"ఏంటి బావా, లంకెబిందె దొరికిందా? దొరికితే సగం నాది. మా అక్కని నీకు ఊరికే ఇచ్చామా?"

ఇద్దరు నవ్వారు. గొడ్డలి నవ్వలేదు.

"ఈ తడి ఎక్కడిది?"

"నన్నడిగితే? నేలనడుగు."

"పక్కనే నీ కాలువ."

"కాలువ పక్కనే నీ ఇంటి తోవ కూడా ఉంది. తోవకి చెమట పట్టిందేమో."

"గట్టుకి బంకమట్టి మెత్తుతానన్నావు. మెత్తావా?"

"మా ఇంటి గోడైనా అంత బాగా మెత్తుకోలేదు బావా. నమ్మకపోతే నాకి చూడు."

ఆ మాట చాలింది. గొడ్డలి గునపం కింద పడేసి పార అందుకున్నాడు. గునపం వదలడమొక్కటే ఆ పూట వాడు చేసిన మంచిపని అని తర్వాత, జట్టు విత్తనం దాచే విత్తనాలక్క అంది.

మొదటి దెబ్బ భుజం మీద పడింది. పంపు ఇంకా నవ్వుతూనే ఉన్నాడు, బావ సరసమాడుతున్నాడనుకుని. రెండో దెబ్బకి అడ్డంగా కుడిచెయ్యి ఎత్తాడు. పార కర్ర మోచేతి కింద తగిలింది. ఎండు కందికట్టె విరిగినట్టు చప్పుడైంది. పంపు ఎండిన జొన్నలో పడ్డాడు. గొడ్డలి వాడి వీపు మీద ఇంకోటి వేశాడు. ఇంకోటి వేశాడు.

"చెప్పు! నీళ్ళు వదిలావా లేదా?"

"లేదు బావా! పిల్లల మీద ఒట్టు, లేదు!"

"దొంగనాకొడకా, పది ఇళ్ళ తిండిరా ఇది!"

తొందర అని జట్టులో ఒకడున్నాడు. అన్నం ఉడక్కముందే కంచం ముందు కూర్చునే రకం. వాడు వెనకనుంచి గొడ్డలిని వాటేసుకున్నాడు. గొడ్డలి మోచెయ్యి వాడి నోటికి తగిలి ముందుపన్ను రాలింది. ఇంకెవరూ దగ్గరికి రాలేకపోయారు. ఇంట్లోంచి కేకలు విని గొడ్డలి పెళ్ళాం పరిగెత్తుకొచ్చింది. నేల మీద పడి ఉన్నది తన తమ్ముడు, పైన నిలబడ్డది తన మొగుడు. ఆమె అరవలేదు, ఏడవలేదు. మొగుడి మణికట్టు పట్టుకుని కొరికింది. రక్తం కారి పార జారేదాకా వదల్లేదు.

తర్వాత తమ్ముణ్ణి లేపి కూర్చోబెట్టి, నోరు తుడుచుకుని, మొగుడితో ఒకే మాట అంది.

"నీ కూడు నువ్వే వండుకో."

*

మర్నాడు జట్టు విత్తనాల కొట్టంలో కూడింది. ఆ కొట్టం విత్తనాలక్కది. మొగుడు పోయాక ఆమె చేలూ చూసుకుంది, అందరి విత్తనమూ దాచింది. గింజకి పురుగు పట్టకుండా బూడిద కలిపి కుండల్లో పోసి, మూతలకి పేడ మెత్తి, గోడ వారన వరసగా పెట్టింది. ఎర్రవి ఒక వరస, తెల్లవి ఒక వరస. తాతల నాటినుంచి చేతులు మారుతూ వచ్చిన గింజ అది.

గొడ్డలి వాకిట్లో గోనె మీద ఒక్కడే కూర్చున్నాడు. మణికట్టుకి గుడ్డ చుట్టుకున్నాడు. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు.

తొందర వాచిన మూతితోనే మొదలుపెట్టాడు. "ఇందులో తేల్చేదేముంది? పంపు నీళ్ళు వదల్లేదు. చెయ్యి విరిగినా ఒప్పుకోలేదు. అంత దెబ్బ తిని ఎవడైనా అబద్ధం ఆడతాడా? మనిషి నిజమైతే ఆ తడి కాలువది కాదు. కాలువది కాకపోతే ఆ తడి విత్తనానిదే. పొట్టిది వేళ్ళ దగ్గర చెమ్మ పట్టి ఉంచుకుంటోంది. అదీ దాని మహిమ!"

తలలు ఊగాయి.  గొడ్డలి చేతి దెబ్బే ఇప్పుడు విత్తనానికి సాక్ష్యం అయింది. తను ఎంత గట్టిగా కొడితే పంపు అంత నిజాయితీపరుడయ్యాడు. పంపు ఎంత నిజమైతే పొట్టి జొన్న అంత గొప్పదయింది.

"ఏ గింజా నీళ్ళు పుట్టించదు," అన్నాడు వాకిట్లోంచి.

"నువ్వు మాట్లాడకు. నీ మాట నిన్న నా పంటికి చెప్పావుగా."

విత్తనాలక్క కుండ మీద చెయ్యి వేసి అంది, "ఇంకో ఏడు చూద్దాం. ఇంకో చోట కూడా వేసి చూద్దాం. ఒక్క మడి చూసి ఎగిరితే ఎలా?"

"ఇంకో ఏడు చూస్తే తినడానికి నీ కుండల్లో బూడిదే మిగులుతుందక్కా. కొండ అవతలి జట్టు దగ్గర పొట్టి గింజ బస్తాలకొద్దీ ఉంది. మన ఎర్రదీ తెల్లదీ ఇస్తే అది ఇస్తారు. ఎల్లుండి పొద్దున్నే బండి కడతాను."

"ఉన్నదంతా ఇచ్చేస్తావా?"

"చచ్చే గింజని దాచుకుని ఏం చేస్తాం, దండలు వేస్తామా?"

అందరూ సరే అన్నారు. గొడ్డలి లెక్క వేసుకున్నాడు. పొట్టిది నీళ్ళు తాగి నిలిచిందయితే, రేపు అందరి చేలల్లోనూ ఎండి చస్తుంది. తిరిగి విత్తుకుందామంటే పాత గింజ ఉండదు. ఒక్క బండితో పది ఇళ్ళ పొయ్యిలు ఆరిపోతాయి. ఆ తడి ఎవరిదో ఎల్లుండిలోగా తేలాలి.

లేచి లోపలికి అడుగు పెట్టాడు. సరిగ్గా అప్పుడే పంపు పినతండ్రి కొడుకులు వచ్చారు. ఇద్దరూ గోడల్లా ఉంటారు. పెద్దవాడు ఇటుకబట్టీలో మోస్తాడు, చిన్నవాడు గొడ్ల బేరం చేస్తాడు. చేతుల్లో దుడ్డుకర్రలు.

"మా తమ్ముడి చెయ్యి విరిచిన చెయ్యి ఏదిరా?" అన్నాడు పెద్దవాడు.

 గొడ్డలికి జవాబు చెప్పే వ్యవధి లేదు. కర్ర తల మీద పడింది. కనుబొమ్మ దాకా చీలి కంట్లోకి రక్తం దిగింది. వెనక్కి పడుతూ కుండల వరస మీద పడ్డాడు. కుండలు పగిలి ఎర్రగింజా తెల్లగింజా కలగలిసి పారాయి. వాటి మీద కాళ్ళు జారి చిన్నవాడు కూడా పడ్డాడు. గొడ్డలి చేతికి ఒక కుండపెంకు దొరికింది. దానితో పెద్దవాడి మొహం మీదికి ఒక్కటి గీశాడు. చెవి తెగి వేలాడింది. వాడు ఎద్దులా అరిచి గొడ్డలి గొంతు మీద మోకాలు వేశాడు.

ఇంకాసేపైతే పోయేవాడే. విత్తనాలక్క కుండలోంచి బూడిద దోసిలికి తీసి ఇద్దరి కళ్ళల్లోనూ కొట్టింది. మళ్ళీ తీసి మళ్ళీ కొట్టింది. ఎవరు మనవాళ్ళు ఎవరు బయటివాళ్ళు చూడలేదు. జట్టంతా కళ్ళు నులుముకుంటూ దగ్గుతూ బయటపడింది.

"చంపుకోండి! కానీ బయట చంపుకోండి! నా గింజల మీద కాదు!" అని అరిచింది. తర్వాత నేల మీద కూర్చుని, రక్తం అంటిన గింజని వేరే, అంటని గింజని వేరే ఏరడం మొదలుపెట్టింది.

*

బండి కట్టే రోజు తెల్లవారుతుండగా గొడ్డలి దాహం మడిలో బోర్లా పడుకుని ఉన్నాడు. తలకి కట్టు, పక్కన రోకలంత లావు కర్ర. మొన్న గునపం దింపిన చోటే మళ్ళీ దింపి చూశాడు. తడి ఉంది. ఇన్ని ఎండలకి ఆరాల్సిన తడి ఆరలేదంటే ఎవడో ఇంకా పోస్తూనే ఉన్నాడు. పంపు మంచం మీద ఉన్నాడు కాబట్టి వాడి అన్నలే వస్తుంటారని అనుకున్నాడు. కాలువ వైపే చూస్తున్నాడు. వస్తే ఈసారి కాళ్ళు విరగ్గొడదాం అనుకున్నాడు. కాళ్ళు విరిగినవాడు పారిపోలేడు, నలుగురి ముందుకీ ఈడ్చుకుపోవచ్చు.

తోవ మీద అలికిడయింది. మసక వెలుతురులో ఒక ఆకారం వంగి వంగి వస్తోంది. చంకలో కుండ. మడి పక్కన ఆగింది. కుండ వంచింది. నీళ్ళు పడ్డ చప్పుడు వినబడింది.

గొడ్డలి లేచాడు. మొహం చూడలేదు, చూడాలనీ అనిపించలేదు. రెండు చేతులా కర్ర తిప్పి కొట్టాడు.

కుండ పగిలింది. కుండ లేకపోతే పక్కటెముకలు పగిలేవి. కర్ర జారి భుజం ఎముకకి తగిలింది. ఆ ఆకారం తోవ మీద కూలబడింది.

"ఎవడ్రా అది! నీ చెయ్యి పడిపోను!"

గొడ్డలి చేతిలోంచి కర్ర జారింది.

"అమ్మా? నువ్వా?"

"నేను కాక మీ అమ్మమ్మా? నా కుండ పగలగొట్టావు కదరా సన్నాసీ! అమ్మో, నా భుజం..."

తల్లి చీర నిండా నీళ్ళు. ఆ నీళ్ళలో మెతుకులు, బూడిద, మాడు వాసన.

"ఏం పోస్తున్నావమ్మా?"

"గిన్నెలు కడిగిన నీళ్ళురా. ఎక్కడో ఒకచోట పారబోయాలిగా."

"ఎప్పటినుంచి?"

"ఎండడం మొదలైనప్పటినుంచి. రోజూ ఒక కుండ. ఏం, తప్పా? పైరు నోరు తెరుచుకుని చస్తుంటే పక్కనుంచి నడిచిపోవడం మీకు ఆటేమో. నాకు చేతకాదు. కళ్ళముందు పైరు చస్తే నాకు ముద్ద దిగదు."

"మరి ఎర్రవాటికెందుకు పోయలేదు? తెల్లవాటికెందుకు పోయలేదు?"

"మోకాళ్ళురా. గట్టు దిగలేను. చేతికందినంత వరకే. లోపలివాటికి పాపం రోజూ చెప్పేదాన్ని, రేపొస్తానే అని. రాలేకపోయాను. పోయాయి."

గొడ్డలి తోవ మీదే కూర్చుండిపోయాడు. పొట్టి జొన్న మహిమ ఇదన్నమాట. దాని వేళ్ళలో ఏమీ లేదు. ముసలిదాని మోకాళ్ళలో ఉంది. తోవ పక్కన ఎర్రది వేసి ఉంటే ఎర్రదే గెలిచేది. రకానికొక పక్క ఇచ్చి నాటించింది తనే. అన్ని పక్కలా అన్నీ వెయ్యరా అని విత్తనాలక్క అప్పుడే చెప్పింది. సాళ్ళు కలిస్తే చూపు చెదురుతుందని తనే కసిరాడు.

"అమ్మా, బామ్మర్ది చెయ్యి విరగ్గొట్టింది ఈ నీళ్ళ కోసమే."

"నీళ్ళా? ఇవి నీళ్ళట్రా? కడుగు. నీళ్ళంటే కాలువలో పారేవి. మీరు నీళ్ళ గొడవంటే నేను కాలువ గొడవే అనుకున్నాను." అంటూనే తల్లి ఆగిపోయింది. మెల్లగా ఆమె మొహం మారింది. "ఈ కుండ వల్లా? నా కుండ వల్ల ఆ పిల్లాడి చెయ్యి..."

కొడుకు తల ఊపాడు.

తల్లి బాగున్న చేత్తో వాడి చెంప మీద కొట్టింది. ఆ చేతికి బురద ఉంది. మళ్ళీ కొట్టింది. చీలిన కనుబొమ్మ మళ్ళీ తెరుచుకుని రక్తం కారింది. అయినా కొట్టింది.

"అడగడానికి నోరు చాలదట్రా? పార ఎందుకురా? ఇంట్లో నన్నొక్క మాట అడిగితే చెప్పనట్రా?"

 వాడు తల్లిని వీపున ఎక్కించుకుని ఇంటికి మోశాడు. పెళ్ళాం గుమ్మంలో నిలబడి అత్త భుజం చూసింది, మొగుడి మొహం చూసింది.  పసుపు నూరడానికి లోపలికి వెళ్ళింది.

నోరు మూసుకుంటే మూసుకోవచ్చు. కుండ సంగతి తెలిసింది తల్లికీ తనకే. బామ్మర్ది ఎలాగూ నిర్దోషి అయ్యాడు. తల్లి పరువు నిలుస్తుంది. ఒక ఏడు గడిస్తే ఎవరికీ ఏదీ గుర్తుండదు. కానీ ఆ ఏడే గడవదు. బండి పొద్దు ఎక్కకముందే కదులుతుంది.

గొడ్డలి ముందు బండి దగ్గరికి వెళ్ళలేదు. బామ్మర్ది ఇంటికి వెళ్ళాడు.

*

పంపు వసారాలో మంచం మీద ఉన్నాడు. చేతికి బద్దలు కట్టి ఉన్నాయి, వేళ్ళు వంకాయల్లా వాచాయి. చెవికి గుడ్డ కట్టుకుని పెద్దన్న గోడకి చేరగిలబడ్డాడు. వాకిట్లో పంపు పెళ్ళాం రోట్లో గింజలు దంచుతోంది. గొడ్డల్ని చూసి రోకలి ఆపలేదు.

పెద్దన్న కర్ర అందుకున్నాడు. గొడ్డలి వాడి వైపు చూడలేదు.

"నువ్వు నీళ్ళు వదల్లేదు," అన్నాడు బామ్మర్దితో. "మా అమ్మ పోసింది. రోజూ గిన్నెలు కడిగిన నీళ్ళు. ఇప్పుడే తెలిసింది. తెలిసేటప్పటికి ఆమెనీ కొట్టాను."

పంపు నోరు తెరిచాడు, మూశాడు. వాడికి మాట దొరక్కపోవడం ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ చూడలేదు. రోకలి ఆగింది.

గొడ్డలి వాకిట్లో మోకాళ్ళ మీద కూర్చుని కుడిచెయ్యి రోటి అంచు మీద పెట్టాడు.

"జట్టు కట్టడి నేను పెట్టిందే. ఒకదానికి చేసింది అన్నిటికీ చేయాలి. కానివ్వండి."

"బావా, పిచ్చి పట్టిందా?" అన్నాడు పంపు. "అన్నా, నువ్వు లేవకు. వద్దు."

పెద్దన్న లేవలేదు. వాడి అవసరం రాలేదు. పంపు పెళ్ళాం ముంగురులు వెనక్కి తోసుకుంది. ఆమె గట్టిగా మాట్లాడ్డం ఎవరూ విని ఎరగరు. అప్పుడు కూడా మెల్లగానే అడిగింది.

"అన్నయ్యా, అది కుడిచెయ్యేనా?"

"కుడిదే చెల్లెమ్మా. వాడిది కుడిదేగా."

"మొహం అటు తిప్పుకో."

"అక్కర్లేదు."

ఆమె రోకలి ఎత్తింది. గింజ దంచినంత తీరుగా, తడబడకుండా ఒక్క పోటు వేసింది. ఎముక విరిగి తోలు కింద ముడిలా లేచింది. గొడ్డలి నోట్లోంచి గాలి మాత్రమే వచ్చింది. నేల మీద ఒరిగి, గింజల పొట్టులో నుదురు పెట్టి, కడుపులో ఉన్నదంతా కక్కాడు. ఆమె రోకలి కింద పెట్టేసి, తన చీర చెంగు చింపి, అక్కడే కూర్చుని వాడి చేతికి కట్టింది. కడుతున్నంతసేపూ ఏడ్చింది. "మా ఇంట్లో ఇవే ఆఖరి గింజలన్నయ్యా, ఒక్క చేత్తో ఈయన ఎలా విత్తుతాడు," అంటూ ఏడ్చింది.

మంచం మీద పంపు కూడా ఏడుస్తున్నాడు. ఏడుస్తూనే అన్నాడు, "గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఉత్త సామెత అనుకున్నాను బావా."

"బండి కదులుతోందిరా," అన్నాడు గొడ్డలి పళ్ళు బిగించి. "తొందరగాడు గింజంతా తీసుకుపోతున్నాడు. నా మాట వినడు. లేవగలవా?"

*

బండి అప్పటికే విత్తనాల కొట్టం ముందునుంచి కదిలింది. బస్తాల మీద బస్తాలు. విత్తనాలక్క గుమ్మంలో మొహం పక్కకి తిప్పుకుని నిలబడి ఉంది. గొడ్డలి ఎద్దుల ముందుకి వెళ్ళి పడ్డాడు. చెయ్యి ఊగుతోంది, మొహం మీద రక్తం గడ్డ కట్టి ఉంది.

"దించండి. పొట్టిది అబద్ధం. మా అమ్మ నీళ్ళు పోసింది."

"మొన్న బామ్మర్ది, ఇవాళ అమ్మ," అన్నాడు తొందర. "రేపు ఎవరి పేరు చెప్తావు? నీకు నీ మాటే గెలవాలి. తప్పుకో!"

గొడ్డలి తప్పుకోలేదు. తొందర దిగి వచ్చి, ఎద్దుల్ని పొడిచే ములుకోలతో వాడి భుజాల మీద కొట్టాడు. పోయిన పన్ను కోసం ఒకటి కొట్టాడు, ఆగిన బండి కోసం ఒకటి కొట్టాడు. అడ్డొచ్చిన ప్రతివాణ్ణీ నేల మీద పడేసిన మనిషి కాడి పట్టుకుని నిలబడి దెబ్బలు తిన్నాడు. జట్టు చూస్తూ ఉండిపోయింది. అలవాటు లేని దృశ్యం.

"ఒరే తొందరా! ఆపరా!"

పంపు, పెళ్ళాం భుజం మీద వాలి నడిచి వస్తున్నాడు. వాడి నిజం మీదే ఆ బండి కట్టారు. అందుకే ములుకోల ఆగింది.

"నేను నీళ్ళు వదల్లేదు. ఆ మాట నిజం," అన్నాడు పంపు ఆయాసపడుతూ. "కానీ తడి విత్తనానిది కాదు. అత్త కడుగు పోసింది. తోవ పక్కన కుండపెంకులు ఇంకా ఉన్నాయి, మెతుకులూ ఉన్నాయి. పోయి చూసుకోండి. నా చెయ్యి చూసి మీరు పొట్టిదాన్ని నమ్మారు. అదే చేత్తో చెప్తున్నాను, దించండి."

ఎవరో పరిగెత్తి వెళ్ళారు. పెంకులు పట్టుకుని తిరిగి వచ్చారు. పెంకుకి ఒక మెతుకు అంటుకుని ఉంది. తొందర ఆ మెతుకుని గోటితో గీకి చూశాడు. తర్వాత ములుకోల మోకాలి మీద విరిచి పారేసి, మొదటి బస్తా తనే దించాడు.

"మూడు రకాల్నీ తోవ పక్కనా పెట్టు, లోపలా పెట్టు, నడుమా పెట్టు అంటే వినలేదు," అంది విత్తనాలక్క గొడ్డలితో. "అలా పెట్టి ఉంటే మీ అమ్మ ఎన్ని కుండలు పోసినా మనకి పట్టుబడిపోయేది. ఇన్ని ఎముకలు విరగాల్సిన పని లేదు."

"నిజమే అక్కా," అన్నాడు గొడ్డలి. ఆ మాట వాడి నోట ఆమె వినడం అదే మొదలు.

ఎముకలు కట్టేవాడు వచ్చి గొడ్డలి చేతికి బద్దలు వేసి, తల్లి భుజానికి పట్టీ వేసి, పెద్దన్న చెవి కుట్టి, లేస్తూ అడిగాడు, "మీ రెండిళ్ళలో ఇంకెవరైనా మిగిలారా? ఉంటే ఇప్పుడే చెప్పండి, మళ్ళీ తిరగలేను."

*

వాన పడ్డాక జట్టు ఎర్రదీ తెల్లదీ కలిపి విత్తింది. రక్తం అంటిన గింజని విత్తనాలక్క కడిగి ఆరబెట్టి వేరే కుండలో పోసింది. అది కూడా మొలిచింది.

దాహం మడి మళ్ళీ వేశారు. మూడు రకాలూ అన్ని పక్కలా కలిపి, సాలు మార్చి సాలు. తాడు ఒక కొస గొడ్డలి ఎడమచేత్తో పట్టుకున్నాడు, ఇంకో కొస పంపు ఎడమచేత్తో పట్టుకున్నాడు. గొడ్డలి చెయ్యి వంకరగా అతుక్కుంది. పంపు చేతికి రెండు వేళ్ళు ఇక ముడవవు. తాడు వంకర పోయినప్పుడల్లా పంపు తిడుతున్నాడు, గొడ్డలి పడుతున్నాడు. పెళ్ళాలిద్దరూ వెనక గింజ వదులుతూ వస్తున్నారు. గొడ్డలి పెళ్ళాం మొగుడికి కూడు పెడుతోంది గానీ మాట ఇంకా పెట్టలేదు.

"కాపలా ఎవరు బావా?" అన్నాడు పంపు.

"నువ్వే చెప్పు."

"అత్తనే పెట్టు. దొంగ చేతికే తాళం ఇస్తే దొంగతనం ఉండదు."

మొలక నిలిచి, వాన ముఖం చాటేసి, ఎండ ముదిరింది. ముసలామె రోజూ పొద్దున్నే పీట తెచ్చుకుని తోవ పక్కన కూర్చునేది. చేతిలో కర్ర తప్ప కుండ లేదు. కుండలన్నీ కోడలు అటక మీద పెట్టేసింది. కాకి వచ్చినా, మేక వచ్చినా, మనిషి వచ్చినా కర్ర ఆడించేది. మడి వైపు మాత్రం తిరిగేది కాదు. వెనక ఆకులు ఎండి గరగరమంటుంటే, వీపు వాటికి పెట్టి, పళ్ళు బిగించి, తోవ వైపే చూస్తూ కూర్చునేది.